నేలిదా బావి తాడు

ఉప్పు బయలు అంచున ఉన్న బడి గదిలో ఊరంతా కూర్చుంది. ఎదురుగా రెండు జెండాలు, రాజధాని నుంచి వచ్చిన అధికారి, పైదేశపు కంపెనీ ఇంజనీరు. రెండు దేశాల భాగస్వామ్యం కింద నేలకింది ఉప్పునీళ్ళలోంచి బ్యాటరీల లిథియం తీయడానికి ఇంకో పది బోర్లు వేస్తారట. సరేనని ఊరు చేతులెత్తితే చాలు, ఎత్తకపోతే చట్టం ఒప్పుకోదు.

"మన నీళ్ళు తోడుకుని బ్యాటరీలు వాళ్ళ దేశంలో చేస్తారు. మళ్ళీ మనకే అమ్ముతారు. భాగస్వామ్యమంటే ఇదేనేమో," అన్నాడు ఊరిపెద్ద హిలారియో, నములుతున్న కోకా ఆకును ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంటూ. అందరూ నవ్వారు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఇంజనీరు తెర మీద ఒక గీత చూపించాడు. బోర్లు వేసిన ఈ ఆరేళ్ళలో ఊరి బావి దిగనే లేదట. నీళ్ళు పద్దెనిమిది మీటర్ల దగ్గరే ఉన్నాయట.

ఊరి ఆడవాళ్ళ మధ్య కూర్చున్న నేలిదా ఆ గీత వంకే చూసింది. ఆమె వీపున కట్టుకున్న పసిది, ఉప్పెక్కిన ఆ బావినీళ్ళు తాగి నెలరోజులుగా విరేచనాలతో వడిలిపోయింది. ఐదో తరగతితో చదువాపేసిన తాను ఆ గీతతో ఏం వాదిస్తుంది? లేచి బయటికి నడిచింది.

తిరిగొచ్చేసరికి ఆమె భుజాన బావి తాడు ఉంది. ఊళ్ళో పెంచే లామాల ఉన్నితో పేనింది. దాన్ని హిలారియోకు చూపించింది.

"మావయ్యా, ఈ గోధుమరంగుది మా అమ్మమ్మ పేనింది. ముప్ఫై ఏళ్ళు దీంతోనే తోడుకున్నాం. ఈ తెల్లముక్క బోర్లు వచ్చిన మరుసటేడు నేను కలిపా. తర్వాత బూడిదరంగుది. మొన్న చలికాలం నల్లది. చేద అందకపోతేనే కదా తాడు కలిపేది?"

"తాడు లెక్కలోకి రాదమ్మా," అన్నాడు అధికారి.

"అయితే మీ టేపే వేయండి సారూ. బావి ఇక్కడే ఉంది."

"నడవలేకపోతే మా గాడిదనిస్తాం," అంది వెనక నుంచి ముసలి కసిమిరా.

అందరూ బావి చుట్టూ మూగారు. టేపు పద్దెనిమిది దాటింది, ఇరవై దాటింది. ఎప్పటికో తడి తగిలింది. ఇంజనీరు అంకె చూసి టేపు చుట్టబోయాడు.

"ఏం బాబూ, చదవడం రాదా? మా నేలిదా చదువుతుందిలే," అంది కసిమిరా.

"ఇరవై నాలుగున్నర," గట్టిగా చదివింది నేలిదా.

బోర్లకు ఒక్క చెయ్యీ లేవలేదు. హిలారియో ఊరి పుస్తకంలో రాశాడు. కొత్త బోరు లేదు. రేపటి నుంచి మంచినీళ్ళు కంపెనీ ట్యాంకరే తేవాలి. నేలిదా సంతకం లేని కొలత చెల్లదు.

"మీ లారీల దారి మా నేల మీదే పోతుంది," అని గుర్తుచేసి, కలం అధికారికి అందించాడు. ఆయన సంతకం పెట్టాడు.

తర్వాత నేలిదా వంతు. ఒక్కో అక్షరమూ దిద్దినట్టుగా, తొందరపడకుండా పేరు రాసింది. వీపున పసిది భుజం మీది తాడు కొసను పట్టుకుని లాగుతూనే ఉంది.