స్వెట్టరు మీద సున్నా

మరిదిని వదిన "టిక్కుటిక్కు గారూ" అని ఆటపట్టించేది. అణు పరిశోధన కేంద్రంలో రేడియేషన్ కొలవడం అతని పని. పక్కన టిక్కుటిక్కుమనే మీటరు లేకపోతే అతనికి ముద్ద దిగదని ఆవిడ వేళాకోళం. ఆవిడ భర్త, అంటే అతని అన్నయ్య, అక్కడే రియాక్టర్ దగ్గర మెకానిక్.

రియాక్టర్‌లో మంటలు లేచిన రోజున ఊరి మీద విషపు ధూళి రాలింది. టిక్కుటిక్కు వీధివీధీ తిరిగి, తలుపులు బిగించుకోమనీ, బయట తిరిగిన బట్టలు గుమ్మంలోనే విడిచి తలారా స్నానం చెయ్యమనీ గొంతు చించుకున్నాడు. విన్నవాళ్లు బతికి బట్టకట్టారు. మంటలార్పడానికి లోపలికెళ్లిన అన్నయ్య మాత్రం ఆస్పత్రి గాజు గదిలోంచి మళ్లీ రాలేదు. వదినను దగ్గరికి వెళ్లనివ్వలేదు. శవాన్ని కూడా సీసం పెట్టెలో మూసి కేంద్రం వాళ్లే పూడ్చేశారు.

తరవాత ఆవిడ ఒక్కటే అడిగింది.

"డ్యూటీ దగ్గర లాకర్లో ఆయన స్వెట్టరు ఉంటుంది చూడు. ఆ వారమంతా అదే వేసుకున్నారు. ఎలాగోలా తెచ్చిపెట్టు బాబూ."

ఉంది. దగ్గర పెట్టగానే మీటరు గోల పెట్టింది. అలాంటి బట్టల్ని గుంటలో పూడ్చాలని రూలు. కాళ్లావేళ్లా పడితే, "సున్నా వస్తే పట్టుకెళ్లు" అన్నాడు పై అధికారి. గాలిలో ఎప్పుడూ ఉండే కాస్త రేడియేషన్‌కి మీటరు చేసే నాలుగు చప్పుళ్లు పోను ఇంకేం వినపడకపోతే, దాన్ని వాళ్లు సున్నా అంటారు.

దానికంటిన ధూళిలో విషం వారం గడిస్తే సగం, మరో వారానికి అందులో సగం, తనంతట తానే చచ్చేది. సంచిలో పెట్టి మూతి కట్టి కొన్ని నెలలు ఆగితే చాలు. నిద్రలో లేపి అడిగినా ఈ లెక్క చెప్పగలడు. కానీ వదిన ముఖం చూసొచ్చిన మనిషికి అంత ఓపికెక్కడిది? చేతులకు తొడుగులు వేసుకుని సబ్బునీళ్లలో నానబెట్టాడు, పిండాడు, కొలిచాడు. మళ్లీ ఉతికాడు. మెడ దగ్గర అల్లిక మొండికేస్తే మెత్తటి బ్రష్షుతో తోమాడు, అన్నయ్యకి నొప్పెడుతుందేమో అన్నంత నెమ్మదిగా. మీటరు నోరు మూసుకున్న రోజున బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు.

"సున్నా వదినా! ఎక్కడ పెట్టి చూసినా ఏమీ లేదు!" గుమ్మంలోంచే కేకేశాడు.

ఆవిడ లాక్కున్నంత పని చేసి, ముఖం అందులో దాచుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. మెడ దగ్గర చూసింది, చంకల దగ్గర చూసింది, లోపలివైపు తిరగేసి మళ్లీ పీల్చింది.

"ఉతికావా?"

"ఎన్నిసార్లో లెక్కే లేదు." గర్వంగానే అన్నాడు, వెర్రిబాగులవాడు.

"ఆయన వాసన ఉంటుందనుకున్నాను." స్వెట్టరు మడత పెట్టింది ఆవిడ. "నువ్వన్నది నిజమే బాబూ. ఏమీ లేదు."

తాను ఏం కడిగేశాడో అప్పటికి గాని అతనికి తెలియలేదు. "వదినా" అన్నాడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చో. పడిపోయేలా ఉన్నావు" అంటూ ఆవిడే కుర్చీ లాగి వేసింది.