చలవ చేస్తుందని

సింధూరికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: మామగారు తనతో చెప్పుకోలేని జబ్బుతో తన కళ్ళముందే మంచాన పడతారేమోనని.

ఆ మామగారు, వెంకటప్పయ్య గారు, బాత్రూంలోకి వెళ్తే ఓ పట్టాన బయటికి రారు. వచ్చాక మళ్ళీ వెళ్తారు. పంచెలు ఆయనే ఉతికి ఆరేసుకోవడం మొదలుపెట్టాక సింధూరికి అనుమానం వచ్చింది. కోడలు మామగారిని ఆ మాట ఎలా అడుగుతుంది? భర్త సిద్ధార్థ థర్మల్ స్టేషన్‌లో డ్యూటీ దిగి వచ్చి అడిగితే, "వేడి చేసిందిరా, చుక్కలు చుక్కలుగా పడతంది, అంతే" అని కొట్టిపారేశారు.

వేడే అనుకుంది సింధూరి కూడా. పొద్దున బార్లీ, మధ్యాహ్నం సబ్జా, సాయంత్రం పల్చటి మజ్జిగ. చెంబులకు చెంబులు కలిపి ఇచ్చింది. ఆయన బుద్ధిగా తాగారు. పొత్తికడుపు గట్టిపడింది, కాళ్ళు పొంగాయి, అన్నం చూస్తే వాంతి.

ఆ ఉదయం మూడేళ్ళ కూతురు కీర్తనతో, "తాతయ్యకు సుస్సు వచ్చిందేమో అడిగి రావే" అంది.

కీర్తన ముందు గదిలోకి పరుగెత్తింది. "తాతా, సుస్సు వచ్చిందా?"

"వస్తే ఇంకేం తల్లీ! నిన్నటినుంచీ చుక్క రావట్లా. మీ అమ్మకి చెప్పకే."

గుమ్మంలో ఉన్న అమ్మ విననే విన్నది. "మామయ్య గారూ, చొక్కా వేసుకోండి."

"దారిలో ఏమన్నా అయితే పరువు పోద్దమ్మాయ్."

"పరువుని ఇంట్లో పెట్టి తాళం వేద్దాం. ఆటో పిలుస్తున్నా, లేవండి."

విజయవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రిలో డాక్టరు స్కానింగ్ చూసి చెప్పారు. "వేడీ లేదు, చలవా లేదమ్మా. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారి మూసేసింది. లోపల నిండి పొర్లితే వచ్చినవే ఆ చుక్కలు. కిడ్నీలు కూడా ఉబ్బాయి."

"మరి బార్లీ?"

"నిండినదాంట్లోనే ఇంకా పోశారు."

మూత్రం బయటికి పోవడానికి గొట్టం వేశాక ఆయన ముఖం తేటపడింది. కిడ్నీలు ఎంతవరకు కోలుకుంటాయో ఇప్పుడే చెప్పలేమన్నారు. మొదట్లోనే వచ్చుంటే మాత్రలతో పోయేదేమో అని కూడా అన్నారు. "చెంబులకు చెంబులు నేనే కలిపిచ్చాను మామయ్య గారూ" అంది సింధూరి.

"నువ్వేం చేశావమ్మాయ్? బార్లీ తాగమని నాతో అన్నది మన వీధిలో రత్తయ్య. వాడికీ ఇదే తంతు. పైకి చెప్పుకోడానికి ఇద్దరికీ సిగ్గు."

సింధూరి అక్కడినుంచే రత్తయ్య కోడలికి ఫోన్ చేసి, మీ మామగారికి సుస్సు సరిగ్గా వస్తోందా అని అడిగింది. ఆవిడ ముందు కిసుక్కున నవ్వింది. తరువాత, "మా మామయ్య గారూ పంచెలు ఆయనే ఉతుక్కుంటున్నారు" అంది.

వేడి చేసిందంటూ బాత్రూంలో ఆలస్యం చేసే పెద్దాయన మీ ఇంట్లోనూ ఉంటే, మూత్రం ధార సరిగ్గా వస్తోందా అని ఇవాళే అడగండి.