చెప్పని వికారం

పదకొండేళ్లుగా ప్రసవాల వార్డులో నర్సుని. అరిచే తల్లుల నోళ్లు ఎన్ని మూయించానో లెక్కలేదు. వెనకాల నన్ను గయ్యాళి అంటారని తెలుసు, అంటే అననీ అనుకునేదాన్ని. ఇప్పుడు అదే థియేటర్లో, అదే బల్ల మీద, సిజేరియన్‌కి నేనే పడుకున్నాను.

మత్తు డాక్టరమ్మ నా నడుములో సూది వేసి, వెల్లకిలా పడుకోబెట్టి, కడుపు బరువు రక్తనాళం మీద పడకుండా కుడి తుంటి కింద దుప్పటి చుట్ట పెట్టించింది.

"బీపీ పడితే బిడ్డకి రక్తం తగ్గుతుంది. కాస్త వికారంగా ఉన్నా వెంటనే చెప్పు. మిషన్ కంటే నీకే ముందు తెలుస్తుంది," అంది.

"నాకు తెలియనిదా మేడం!" అన్నాను.

కాళ్లు మొద్దుబారాయి. వణుకు పట్టుకుంది. చేతికి కట్టిన బీపీ పట్టీ బిగిసింది, వదిలింది, మళ్లీ బిగిసింది. నా వణుక్కి మిషన్ మీద అంకె తేలడం లేదు. డాక్టరమ్మ పట్టీ విప్పి మళ్లీ కడుతోంది. సరిగ్గా అప్పుడే కడుపులో తిప్పడం మొదలైంది.

చెప్పబోయాను. తలవైపు నిలబడ్డ ఆయా నవ్వింది. "ఏం సిస్టరమ్మా, ఇప్పుడు తెలిసొచ్చిందా?"

ఒళ్లు మండిపోయింది. దీని ముందు మూలుగుతానా? పళ్లు బిగపట్టాను.

"ఎలా ఉంది?" అంది డాక్టరమ్మ.

"బానే ఉంది."

తెర అవతల సర్జన్ కోత మొదలుపెట్టారు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు మూడు చుట్లు తిరిగినా మిషన్ అంకె చూపలేదు. చెవుల్లో హోరు మొదలైంది. చల్లటి చెమట పట్టింది, లైటు మసకబారింది. లోపల బిడ్డకి నెత్తురు అందడం లేదన్న సంగతి అప్పుడు బుర్రకెక్కింది. నా పొగరుకి నా బిడ్డ పోతోంది!

"మేడం... వాంతొస్తోంది... బిడ్డ..." అరిచాననుకున్నాను, గుసగుసే వచ్చింది.

"బీపీ పై అంకె డెబ్బై! సెలైన్ పూర్తిగా వదలండి!" అంటూ ఆవిడ సిరంజి నొక్కింది. సర్జన్ చేతులు వేగం పెంచాయి.

బిడ్డని తీశారు. ఏడుపు లేదు. చచ్చేంత భయంతో గడియారం చూడలేక కళ్లు మూసుకున్నాను. ఎంతసేపటికో ఓ సన్నటి మూలుగు వినిపించింది.

"పాప," అన్నాడు పిల్లల డాక్టర్. "నీరసంగా ఉంది. బీపీ ఎంతసేపు పడింది?"

"అర నిమిషం కూడా ఉండదు. చెప్పగానే మందిచ్చాను," అంది డాక్టరమ్మ.

అందరూ తలూపారు. నేనూ నోరు మూసుకుంటే సరిపోయేది.

"మూడు నిమిషాలు సార్," అన్నాను. "నేనే చెప్పలేదు."

ఆయన నా వైపు చూడకుండానే పాపని ఎత్తుకుని పక్కగదిలోకి పరిగెత్తాడు.