మాడిన కుక్కర్ చెప్పిన మాట

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. అరవడమే నా ఉద్యోగం. అరిచినా పట్టించుకోని ఇంట్లో పడడం నా ప్రారబ్ధం.

ఏదో ఫ్యాక్టరీలో అల్యూమినియం రేకుగా ఉండి, అచ్చులో నలిగి, చివరికి విశాఖపట్నంలో ఒక పెళ్లికి కానుకగా చేరాను. ఆ పెళ్లికి నాలాంటి కుక్కర్లు ఇంకా వచ్చాయి. కొత్త దంపతులకు వండుకోవడం తప్ప వేరే పనుండదని మనుషుల నమ్మకం కాబోలు. మిగతావి అటకెక్కాయి, నేను పొయ్యెక్కాను.

పెళ్లికూతురు సుభాషిణి కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆవిరి పీడనం గురించి ఆమె చెబితే పిల్లలు కదలకుండా వింటారట. ఇంట్లో మాత్రం నా మూడు విజిళ్ల లెక్క ఆమెకు ఏనాడూ నిలవలేదు. మొదటి విజిల్ వింటూనే ఆరేయాల్సిన బట్టలు గుర్తొచ్చి డాబా మీదికి వెళ్లేది. అక్కడ వాడిన మొక్క కనిపిస్తే నీళ్ల కోసం కిందికి పరిగెత్తేది. నేను గొంతు చించుకుంటూనే ఉండేదాన్ని.

"నీ ధ్యాస ఎక్కడుంటాదే అమ్మాయ్? పప్పుకి కాపలా కాయలేవు, అంతమంది పిల్లల్నేటి కాస్తావు?" అనేది అత్తగారు వరహాలమ్మ. కోడలు ఎదురు చెప్పేది కాదు. ఆ మాటే నిజమని నమ్మింది. నా అడుగు మాడినందుకు కాదు, అందుకే నాకు బాధ.

ఒక ఉదయం కందిపప్పు వేసి, నీళ్లు పోయడం మరిచి, మూత బిగించి పొయ్యి మీద పెట్టింది. నీళ్లు లేనిదే నేనెలా కూస్తాను? సేఫ్టీ వాల్వ్ కరిగింది, అడుగు బొగ్గయింది, ఇల్లంతా పొగ.

"ఇంక చాలమ్మా. ఆ ఉద్యోగం మానేయ్" అంది వరహాలమ్మ దగ్గుతూ. సుభాషిణి ఏడవలేదు. రాజీనామా రాస్తానంది, అంతే.

రాసేలోపు తోటి లెక్చరర్ ఆమెను రెహానా అనే సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. అన్నీ అడిగి, పరీక్షించి, అది బద్ధకం కాదు, ధ్యాస ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అని రెహానా చెప్పింది. అలాంటి ఆడవాళ్లంతా తన గదిలో వారం వారం కలుసుకుంటారనీ, వచ్చేటప్పుడు సిగ్గనిపించే వస్తువొకటి తెచ్చుకోమనీ అంది. అలా నేను సంచిలో కూర్చుని సిటీ బస్సెక్కాను. సుభాషిణి నన్ను సీట్లోనే మరిచి దిగిపోతుంటే కండక్టర్ కేకేశాడు. నా జన్మలో నా బదులు ఇంకొకరు అరవడం అదే మొదలు.

నన్ను బల్ల మీద పెట్టగానే, "దీని అక్క మా ఇంట్లో ఉందండీ!" అంది ఒకావిడ. గదంతా నవ్వింది. సుభాషిణి కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది.

"లెక్క బుర్రలో మొయ్యకండి, చేతికి అప్పజెప్పండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు గుర్తు కోసం ఏం చేస్తారు?" అని అడిగింది రెహానా.

"మా అత్తయ్య కొంగు ముడేసుకుంటారు. పాలకో ముడి, మాత్రకో ముడి. ఒక్కోసారి ముడి ఎందుకేశారో కూడా మర్చిపోయి..." సుభాషిణి ఆగిపోయింది.

నన్ను ఆ గదిలోనే ఉంచేశారు. తర్వాతి సంగతులు ఆమె వారం వారం వచ్చి చెబుతుంటే విన్నాను. అటక మీది చెల్లెలు కుక్కర్ పొయ్యెక్కింది. పోపు డబ్బా పక్కన నీళ్ల చెంబు నింపి పెడుతోంది. విజిల్‌కొక ముడి చున్నీకి పడుతోంది. అప్పుడప్పుడు మాడుతూనే ఉంది, అయినా రాజీనామా ఊసు లేదు. ఆ ముళ్లు చూసి, "ఇదెక్కడ నేర్చావే?" అని వరహాలమ్మ అడిగిందట. "మీ దగ్గరే అత్తయ్యా." పెద్దావిడ తన కొంగు ముడి తడుముకుందట. "మా అమ్మ నన్ను మతిమాలినదానా అనే పిలిచేది" అని మాత్రం అందట.

నేనిప్పుడు రెహానా గదిలో అలమర మీద ఉన్నాను. కూత పోయింది. కొత్తగా వచ్చినవాళ్లు నా నల్లటి అడుగు చూసి కాస్త ఊపిరి పీల్చుకుంటారు. మెరిసే రోజుల్లో నేనింత పనికొచ్చినట్టు గుర్తులేదు.

మొన్న సుభాషిణి వెనకే వరహాలమ్మ వచ్చింది. నన్ను చూసి తల దించుకుంది. ఆమె కొంగున ముడి చూసి, "ఇది దేనికండీ?" అంది రెహానా.

"ఇక్కడికి రావడం మర్చిపోతానేమోనని వేసుకున్నాను తల్లీ" అంటూ వరహాలమ్మ కుర్చీలో కూర్చుని ముడి విప్పుకుంది.