మూడంకెల గడి

మా ఆయనకు వంకర అంటే గిట్టదు. అన్నం తినే బల్ల మీద గ్లాసులు కూడా వరసలో ఉండాలి. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షల రిపోర్టులు అచ్చువేసే ప్రోగ్రామ్ ఆయన రాసిందే. ఒక్కో ఫలితానికి ఒక్కో గడి, అందులో అంకెలు కుడివైపుకు ఆనుకుని ఒకదాని కింద ఒకటి నిలబడాలి. తేదీలో ఒంటి అంకె వస్తే ముందు సున్నా చేర్చేదాకా ఆయనకు ముద్ద దిగదు.

"బావా, నీ అంకెలకి పౌడర్ కూడా రాస్తావా?" అని మా తమ్ముడు ఏడిపించేవాడు. వాడిది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. అందులో ఏ నట్టు ఎక్కడుందో వాడికే తెలియదు. వాళ్ళిద్దరి మధ్య కూర్చుంటే నాకు నవ్వడంతోనే సరిపోయేది.

షుగర్ గడికి ఆయన మూడంకెల చోటే ఇచ్చాడు. కాగితం సన్నం. నాలుగో అంకె వస్తే పక్క గడిలోకి చొరబడి వరసంతా చెడుతుంది. అందుకని, గడిలో పట్టనంత పెద్ద సంఖ్య వస్తే దాని బదులు మూడు స్టార్ గుర్తులు పడేలా రాశాడు. వాటి అర్థం ఏమిటో ల్యాబువాళ్ళకు ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. రక్తం గడ్డకట్టి యంత్రం పిచ్చిలెక్క పంపినప్పుడు కూడా అవే పడేవి. దాంతో స్టార్లంటే శాంపిల్ పాడైనట్టేనని వాళ్ళంతట వాళ్ళే తేల్చుకున్నారు. మర్నాడు మళ్ళీ రక్తం తీయడం అక్కడ అలవాటైపోయింది.

ఆ మధ్య తమ్ముడు కడవలకు కడవలు నీళ్ళు తాగేవాడు. ఎండలు కదా అనుకున్నాం, మా బుద్ధి గడ్డి తిని. ఒక ఉదయం వాంతులై, మాట తడబడేసరికి ఆ ఆసుపత్రిలోనే చేర్చాను. రక్తం తీసుకున్నారు. మధ్యాహ్నానికి నర్సు రిపోర్టు తెచ్చింది.

"షుగర్ ఒక్కటే రాలేదమ్మా, శాంపిల్ పాడైనట్టుంది. రేపు మళ్ళీ తీస్తాం. బాగా నీరసంగా ఉన్నాడని డాక్టరుగారు గ్లూకోజ్ పెట్టమన్నారు."

ఆమెకు దణ్ణం పెట్టాను. సీసాలోంచి బొట్టు బొట్టుగా దిగుతుంటే, వాడికి బలం వస్తోందనుకుంటూ కాళ్ళు నిమురుతూ కూర్చున్నాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. మంచానికి తగిలించిన రిపోర్టును అలవాటు కొద్దీ చేతిలోకి తీసుకున్నాడు, వరస సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి. షుగర్ గడిలో మూడు స్టార్లు చూశాక మనిషి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఇది పాడైన రక్తం కాదు, మిగతా అంకెలన్నీ బాగానే ఉన్నాయి. వెయ్యి దాటింది! వీడికి షుగర్ వెయ్యి దాటిందే!"

అరుస్తూనే గ్లూకోజ్ గొట్టం తన చేత్తో లాగేశాడు. డాక్టరు పరుగున వచ్చాడు. ఇన్సులిన్ ఎక్కించారు, వాడి మంచాన్ని ఐసీయూలోకి తోసుకెళ్ళారు.

"బావొచ్చాడురా, ఒక్కసారి కళ్ళు తెరువు," అని నేను పిలుస్తూనే ఉన్నాను. వాడు తెరవలేదు. మర్నాడు పోయాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు, "నూరేళ్ళు నిండాయమ్మా, మన చేతుల్లో ఏముంది?" అన్నారు. ఎవరి చేతుల్లో ఉందో నాకు తెలుసు. గోడవైపు తిరిగి కూర్చున్న ఆయనకూ తెలుసు. తిట్లు నోటిదాకా వస్తాయి. వాడుంటే బావను వెనకేసుకొచ్చేవాడని గుర్తొచ్చి, తిట్టలేక ఏడుస్తాను. మా ఇంట్లో ఇప్పుడు గ్లాసులు ఎలా పడితే అలా ఉంటున్నాయి. సర్దేవాడు సర్దడం మానేశాడు.

ఆసుపత్రివాళ్ళు మరణపత్రం ఇచ్చారు. అదీ ఆయన ప్రోగ్రామే అచ్చువేసింది. తేదీకి ముందు సున్నా ఉంది. ఎక్కడా ఒక్క అక్షరం వంకర లేదు. వయసు గడికి మాత్రం, నూరేళ్ళు బతికేవాళ్ళ కోసమని, ఆయన మూడంకెల చోటు ఉంచాడు. మా తమ్ముడి వయసుకు రెండే సరిపోయాయి.