పది వేళ్ళ సాక్ష్యం

బందరులో ఒక మేడ మీద శేషగిరిరావు మ్యాపుల ఆఫీసు ఉంది. గుమ్మంలో అడుగుపెడితే ఎదురుగా వెంకటేశ్వరస్వామి, పక్కనే అంతే పెద్ద ఫ్రేములో అక్కడ పనిచేసే సాబిరా సర్టిఫికెట్టు. ఉపగ్రహం తీసిన ఫోటోని కంప్యూటర్లో పెట్టుకుని ఇది పొలం, ఇది చెరువు, ఇది మడ అడవి అని గీతలు గియ్యడం ఆమె పని. హైదరాబాదు వెళ్ళి పరీక్ష రాసి, చూడని నేలని చూశానని చెప్పనని, జనానికి చెరుపు చేసే మ్యాపు మీద ముద్ర వెయ్యనని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి ఆ సర్టిఫికెట్టు తెచ్చుకుంది. అలాంటి మనిషి ఒక్కరైనా లేనిదే సర్కారు పని దొరకదు. అందుకని శేషగిరిరావు రోజూ స్వామికి వెలిగించిన అగరొత్తినే దానికీ తిప్పేవాడు. మ్యాపుల మీద వేసే సాబిరా రబ్బరు ముద్రని మాత్రం తన సొరుగులోనే పెట్టుకున్నాడు. "నా దగ్గరుంటే భద్రం కదమ్మా" అంటే ఆమె సరేనంది.

జూలైలో ఒకరోజు నాగాయలంక దగ్గర పల్లె నుంచి చిట్టెమ్మ అనే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. చేతిలో మడతలు పడ్డ మ్యాపు. ఆవిడతో పాటు ఎండుచేపల వాసన కూడా లోపలికొచ్చింది.

"సాబిరా గారంటే ఎవరండీ?"

"నేనే పిన్నిగారూ. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదమ్మా. మేం నెత్తళ్ళ చేపలు ఎండేసుకునే దిబ్బని ఖాళీ చవుడు నేలని రాశావంట. రొయ్యల చెరువులోళ్ళకి లీజుకిచ్చేస్తారంట. నలభై ఇళ్ళోళ్ళం దాని మీదే బతుకుతున్నాం. నువ్వెప్పుడొచ్చి చూశావు?"

సాబిరా కంప్యూటర్లో ఆ ఫోటో తెరిచింది. "ఫోటోలో ఏమీ లేదండీ. మే నెలలో తీసింది."

"మేలో ఏముంటది తల్లీ? వేట నిషేధం కదా. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. పొయ్యి ఆరిపోయాక మా ఇంటికొచ్చి, వీళ్ళకి వంటిల్లే లేదని రాసుకుపోతావా?"

అందుకే కదా, నేల మీదికి వెళ్ళి ఊరివాళ్ళని అడిగి, సాక్షుల చేత సంతకాలు పెట్టించుకు రావాలన్న నియమం. ఆ పనికి ఫీల్డు మనిషి దుర్గాశ్రీనివాస్ వెళ్ళాడు. సాబిరా ఫైలు తీసింది. పదిమంది పేర్లు, పది వేలిముద్రలు. నాలుగో పేరు చిట్టెమ్మది.

"ఇది నా వేలు కాదు" అంది చిట్టెమ్మ. "అక్షరాస్యత క్లాసులకెళ్ళి పదేళ్ళయింది. అప్పట్నించి బ్యాంకులో కూడా ఇంకులో వేలు ముంచలేదు. ఆ సంతకం నేర్చుకోడానికి ఆర్నెల్లు పట్టిందమ్మా నాకు!"

సాబిరా వంగి చూసింది. మొదటి ముద్ర వెడల్పు. తర్వాతవి సన్నం. అయిదోది చిటికెన వేలంత. ఆరోది మళ్ళీ వెడల్పు. పదిమంది మనుషులు కారు. ఒకే మనిషి రెండు చేతులు.

దుర్గాశ్రీనివాస్‌ని పిలిచి అడిగితే పళ్ళికిలించాడు. "బస్సు దిగి కూల్‌డ్రింకు తాగి వచ్చేశాను మేడమ్. ఆ కంపులోకి ఎవడెళ్తాడు? ఆ ఊళ్ళో ఆడోళ్ళందరూ వేలిముద్ర నిశానీలేగా అనుకున్నా."

చిట్టెమ్మ మెట్లు దిగకముందే శేషగిరిరావు గదంతా సెంటు కొట్టాడు. నిమ్మకాయ వాసన. సాబిరాకి ఎండుచేపలు కాదు గానీ, ఆ నిమ్మకాయ వాసన వాంతి తెప్పించేలా ఉంది.

"సార్, ఆ పది వేలిముద్రలూ ఒక్క మనిషివే."

"మనిషివేగా? కుక్కవి కాదుగా?" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు. "ఊరివాళ్ళ అర్జీ మీద సోమవారం ఎమ్మార్వో ముందు విచారణ. 'అవునండీ, మ్యాపు మీద ముద్ర నాదే' అను చాలు. అబద్ధం కూడా కాదు కదమ్మా."

సోమవారం నాగాయలంకలో శేషగిరిరావు గంజిపెట్టిన తెల్లచొక్కాతో ముందు వరసలో కూర్చున్నాడు, వెనక వరసలో దుర్గాశ్రీనివాస్. ఎమ్మార్వో మ్యాపు చూపించి అడిగాడు, "ఈ ముద్ర మీదేనా అమ్మా?"

"ముద్ర నాదేనండీ. వేసింది నేను కాదు. గీతలు మాత్రం నేనే గీశాను. ఆ దిబ్బ మీద నేను గానీ, మా ఆఫీసువాళ్ళు గానీ అడుగు పెట్టలేదు. ఈ పది వేళ్ళూ అదుగో, ఆ వెనక కూర్చున్నాయనవి."

దుర్గాశ్రీనివాస్ చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో దాచుకున్నాడు.

"తియ్యవయ్యా బయటికి!" అంది చిట్టెమ్మ. "నా వేలు నీ చేతికెట్టా మొలిచిందో చూస్తాం!"

హాలు గొల్లుమంది. ఎమ్మార్వో ఇంకు ప్యాడు తెప్పించాడు. అతను జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. లీజు ఆపి, చేపలు ఎండే రోజుల్లో మళ్ళీ సర్వే చెయ్యాలని రాశాడు ఎమ్మార్వో. చిట్టెమ్మ సాక్షిగా సంతకం పెట్టింది. నిదానంగా, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని.

మర్నాడు సాబిరా ఉద్యోగం మానేసి, సర్టిఫికెట్టు కోసం ఆఫీసుకెళ్ళింది. "నువ్వెళ్తే వెళ్ళు. అది మాత్రం ఈ టెండరయ్యేదాకా ఉండనీ" అన్నాడు శేషగిరిరావు. ఆమె బదులు చెప్పకుండా కుర్చీ ఎక్కి ఫ్రేము దించింది. రోజూ పట్టిన అగరొత్తి పొగకి అద్దం జిడ్డోడుతోంది. చున్నీతో తుడిస్తే అద్దం శుభ్రపడలేదు, చున్నీ పాడైంది.

నెల తిరక్కుండా హైదరాబాదులో సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. సాబిరా ఆఫీసు కాగితాలు బయటపెట్టి వృత్తి నీతి తప్పిందని శేషగిరిరావు ఫిర్యాదు చేశాడు. ఆమె ప్రమాణంలోని వాక్యాలే ఎత్తి రాశాడు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. సర్టిఫికెట్టు ఎందుకు రద్దు చెయ్యకూడదో పదిహేను రోజుల్లో చెప్పమన్నారు.

సాబిరా ఆ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి, వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. తెల్లకాగితం తీసింది. అతని గురించి రాయడానికి చాలా ఉంది. అదంతా తర్వాత. మొదటి వాక్యం ఇలా రాసింది: "ఆ దిబ్బని నేను చూడలేదు. చూడకుండానే గీశాను."