శుద్ధప్రతిలో పట్టని నాలుగు వరుసలు

రేవులపాడు పంచాయతీని బెజవాడ మునిసిపాలిటీలో కలిపేస్తారని 1974లో ఖాయమైంది. ఆ ఫైల్లో పెట్టడానికి ఊరి చరిత్ర ఒక పేజీ రాసి పంపమని పైనుంచి కాగితం వచ్చింది. రాసే పని గుమాస్తా జీవరత్నం మీద పడింది. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినా, అతని దస్తూరీ చూసి ఊళ్ళోవాళ్ళు శుభలేఖల మీద పేర్లు అతని చేతే రాయించుకునేవాళ్ళు.

"ఎక్కువ సాగదీయకు జీవరత్నం," అన్నారు ప్రెసిడెంటు రామాంజనేయులు గారు. "ఒక్క పేజీయే అన్నారు. కింద నా సంతకానికీ సీలుకీ జాగా ఉంచు. మా తాతగారు రేవు కట్టించిన సంగతి మాత్రం మర్చిపోకు."

"అలాగేనండి."

చిత్తుప్రతిలో అన్నీ రాశాడు. రేవు, పడవల మీద ధాన్యం ఎగుమతి, బడి, కరెంటు. చివర్లో నాలుగు వరుసలు. మైలవరం అవతల కరువొస్తే జక్కయ్య అనే మనిషి ఏడు కుటుంబాలతో నడిచొచ్చి, కాలవ పక్కన తుమ్మడవి కొట్టి పాలెం కట్టాడని. ఇవాళ సగం ఊరు ఆ నేల మీదే ఉంది. జక్కయ్య జీవరత్నానికి తాత, మేనత్త శౌరమ్మకు తండ్రి. అప్పుడు నడిచొచ్చిన వాళ్ళలో ఎనభై దాటిన శౌరమ్మ ఒక్కతే మిగిలింది.

"ఊరికి ఇక పేరుండదంటగా?" అని అడిగింది శౌరమ్మ.

"వార్డు నంబరు ఇస్తారత్తా."

"ఇచ్చుకోమను. ఆ కాయితంలో మా అయ్య ఉంటే చాలు. నేను పోతే చెప్పేవాళ్ళు లేరురా."

శుద్ధప్రతి రాస్తుంటే జాగా చాలలేదు. ఏదో ఒకటి తీసేయాలి. రేవును ముట్టుకోలేడు. బడీ కరెంటూ ఆఫీసు వాళ్ళు చూసేవి. ఆ నాలుగు వరుసల దగ్గర కలం ఆగింది. గుమాస్తా సొంత తాత గురించి రాసుకున్నాడని ప్రెసిడెంటు గారు అనుకుంటే? ఎవరూ తీసేయమనకుండానే జీవరత్నం వాటిని వదిలేశాడు. సంతకమైంది, సీలు పడింది, కాగితం వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రం శౌరమ్మ చదవమంది. తన దగ్గరున్న నకలు తీసి చదివాడు. కరెంటు వచ్చిందన్న మాటతో పేజీ అయిపోయింది. శౌరమ్మ ఇంకా ముందుకు వంగి వింటూనే ఉంది. జీవరత్నం కాగితం మీంచి తల ఎత్తకుండా, అక్కడ లేని జక్కయ్యను చదివేశాడు. ఏడు కుటుంబాలు, నెత్తిన తిరగళ్ళు, తుమ్మడవి. శౌరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక ఇంటి అరుగు మీద ఐదారుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టింది.

"ఏంటొదినా, గుణదల తిరనాళ్ళు ముందే వచ్చినయ్యా?" అంది పక్కింటి ఆదెమ్మ.

"మా అయ్య గవర్మెంటు కాయితంలోకి ఎక్కాడే. చదవరా జీవా."

చదివాడు. జక్కయ్య వచ్చాడు, ఏడు కుటుంబాలొచ్చాయి, తుమ్మడవి కొట్టారు.

"ఆగు. తిరగళ్ళేవిరా?"

"అదే అత్తా, వరుస దాటేశాను. తుమ్మడవి కొట్టారు, తిరగళ్ళు మోసుకొచ్చారు..."

"నిన్న తిరగళ్ళు ముందొచ్చినయ్."

"పోనీలే ఒదినా, ముందైతేనేం, ఎనకైతేనేం?" అంది ఆదెమ్మ.

"కాయితం మీదది కదలదే. గుళ్ళో సువార్త ఏటేటా వింటానే ఉన్నా, ఒక్క మాటన్నా అటూ ఇటూ జరిగిందా?" శౌరమ్మ అతని వైపు చూసింది. "ఇక ఎళ్ళండమ్మా, పొయ్యిలు చూసుకోండి."

అందరూ లేచి వెళ్ళారు.

"ఉందా, లేదా?"

"లేదత్తా."

"ప్రెసిడెంటు తీసేయమన్నాడా?"

ఔననడం తేలిక. "కాదు. నేనే. మనోళ్ళ గురించి రాసుకున్నానంటారేమోనని."

"ఆయన తీయించుంటే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని," అంది శౌరమ్మ.

సోమవారం జీవరత్నం ప్రెసిడెంటు గారి దగ్గరకెళ్ళి జరిగింది చెప్పాడు. ఫైలు అప్పటికే హైదరాబాదు వెళ్ళిపోయింది.

"అదేంటయ్యా, ముందే చెప్పొచ్చుగా," అన్నారాయన. "సంతకం కాస్త చిన్నగా పెట్టేవాణ్ణి."

జీవరత్నం ఇంటికి వచ్చి ఆ మాటా దాచకుండా అత్తతో చెప్పాడు. తెల్లకాగితం తీసుకుని నులకమంచం పక్కన కూర్చున్నాడు.

"ఆ ఏడు కుటుంబాల పేర్లు చెప్పత్తా. విడిగా రాసి పెడతాను."

"చిన్నప్పట్నుంచీ చెబుతానే ఉన్నాగా. నీకెన్ని తెలుసో చెప్పు."

"జక్కయ్య," అన్నాడు జీవరత్నం. "ఏసుపాదం," అన్నాడు. ఇంకో రెండు పేర్లు తడుముకుని చెప్పి ఆగిపోయాడు. ఐదోది శౌరమ్మ అందిస్తుందని కలం పట్టుకుని చూశాడు.

"ఇవాళొద్దులేరా," అని శౌరమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.